సి.కె. నాయుడు గొప్పతనాన్ని 7 టెస్టుల లెక్కతో తేల్చవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు):
భారత జట్టు తొలి టెస్టు కెప్టెన్ కొఠారి కనకయ్య నాయుడు తెలుగు కుటుంబంలో పుట్టినవారని తొమ్మిదో తరగతిలో చెప్పగానే పిల్లలు ఎంతో సంబరపడ్డారు. అయితే 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25 అన్న వివరాలు చూసి, ఒక్క సెంచరీ కూడా లేని ఆటగాణ్ని ఎందుకింత గొప్పగా చెబుతారని ఒక అమ్మాయి అడిగింది. ఆమెకు న్యాయమైన సమాధానం చెప్పాలని ఉంది. పైగా 1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు పోర్‌బందర్ మహారాజు కెప్టెన్ అని చదివాను. మరి లండన్‌లోని లార్డ్స్ మైదానంలో జరిగిన తొలి టెస్టుకు నాయుడు ఎలా కెప్టెన్ అయ్యారు?

జవాబు 1 (కాజీపేట):
సార్, ఆయన పుట్టింది మన కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా వెళ్ళే రైలు చేరే నాగపూర్‌లోనే, 1895 అక్టోబరు 31న. తొలి టెస్టు నాటికి ఆయనకు 36 ఏళ్ళు నిండాయి. 1932 నుంచి 1936 వరకు దేశం ఆడిందే 7 టెస్టులు. ఆ ఏడింటిలోనూ ఆయన ఉన్నారు. కాబట్టి ఆ అమ్మాయికి ముందుగా 1926 నాటి బొంబాయి జింఖానా మైదానాన్ని చూపించండి. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. (మెరిలిబోన్ క్రికెట్ క్లబ్) జట్టుపై హిందూ జట్టు తరఫున ఆయన 11 సిక్సర్లు, 13 ఫోర్లతో రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. మనవాళ్ళు ఇంగ్లండుకు దీటుగా నిలవగలరన్న నమ్మకం ఆ ఆటతోనే బలపడిందని నేను భావిస్తాను.

జవాబు 2 (కరీంనగర్):
కెప్టెన్సీ సంగతి చెబుతాను. ఆ కాలంలో పర్యటనకు వెళ్ళే జట్టుకు సంస్థానాధీశుడే నాయకుడుగా ఉండాలన్న భావన బలంగా ఉండేది; కానీ పోర్‌బందర్ మహారాజు తన ఆట స్థాయిని గుర్తెరిగి టెస్టు నుంచి తప్పుకున్నారు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు కూడా ఆడలేదు. అలా జూన్ 25న నాయుడు జట్టును నడిపించారు. ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. చేతికి గాయమైనా తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అత్యధికంగా 40 పరుగులు చేసింది నాయుడే. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ పర్యటన తర్వాత ఇంగ్లండు క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఆయన్ని ఏటా ఎంచే ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరుగా ప్రకటించింది.

1936లో మాత్రం కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమారుడికి దక్కింది. ఆయనా తెలుగు నేలవాడే కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నాయుడు ఆటగాడిగానే వెళ్ళి, తన చివరి టెస్టులో ఓవల్‌లో బంతి దెబ్బ తగిలినా వెనుదిరగక 81 పరుగులు చేశారు.

జవాబు 3 (మంచిర్యాల):
ఇండోర్ సంగతి మరువకండి. ఆయన నాయకత్వంలో ఇండోర్‌కు చెందిన హోల్కర్ సంస్థానం జట్టు దేశవాళీ పోటీ అయిన రంజీ ట్రోఫీని 4 సార్లు గెలిచింది. 50 ఏళ్ళు దాటాక బరోడాపై ఆయన స్వయంగా 200 పరుగులు చేశారు, 60 దాటాక కూడా రంజీ ఆడారు.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రేపు నల్లబల్ల మీద ఆయన పుట్టిన తేదీని, లార్డ్స్ టెస్టు తేదీని మాత్రమే రాసి, వయసు లెక్కకట్టమని ముందుగా ఆ అమ్మాయినే అడుగుతాను.