కొరాపుట్ వైపు జాగాలకి మ్యాప్ పిన్‌లు పెట్టాలా, వద్దా?

సునాబెడ_కుర్రోడు:
దసరా వస్తోంది. విశాఖ, విజయనగరం వాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే, "అరకు చూసేశాం, ఇంకా పైకొస్తే ఏముంది?" అని. అందుకని అన్నిటికీ మ్యాప్ పిన్‌లు ఒకేచోట పెడుతున్నాను. దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, బండి పైదాకా పోతుంది. డుడుమ జలపాతం, 175 మీటర్లు. గుప్తేశ్వరం గుహ. కొలాబ్ జలాశయం. ఇవి తెలిసినవే. వీటితోపాటు దేవమాలి కింద పేరు లేని జలపాతాలు రెండు, కొలాబ్ గట్టున టెంట్ వేసుకోవడానికి మంచి జాగా ఒకటి పెట్టాను. మీకు తెలిసినవి కూడా చేర్చండి.

నందపురం_మాష్టారు:
చివరి మూడూ తీసెయ్ బాబూ.

సునాబెడ_కుర్రోడు:
ఎందుకు మాష్టారూ?

లెక్కల_రాయుడు:
దేవమాలి తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తు అని అందరూ రాసేస్తున్నారు. తప్పు. మన అల్లూరి జిల్లాలో ఆర్మకొండ ఉంది, 1680. ముందు అది సరిచేయండి.

సునాబెడ_కుర్రోడు:
అన్నా, నేను ఒడిశాలో అన్నాను. తూర్పు కనుమలు అనలేదు.

లెక్కల_రాయుడు:
మీరు అనలేదు. చదివేవాళ్ళు అలాగే అనుకుంటారు.

నందపురం_మాష్టారు:
ఎందుకంటావా, చెప్తాను. ఇక్కడ 'మాలి' అంటే ఏటో తెలుసా? నెత్తి బల్లపరుపుగా ఉండే కొండ. దేవమాలి, పంచపట్‌మాలి, ఇలా ఈ పక్క అన్నీ మాలీలే. ఆ నెత్తి మీద బాక్సైటు, ఎర్రరాయి టోపీలా ఉంటాయి. వానాకాలం పడ్డ నీళ్ళు ఆ టోపీలోకి ఇంకి, కొండ నడుం దగ్గర ఊటలై బయటికొస్తాయి. ఏప్రిల్‌లో కూడా ఆ గెడ్డలు, అదే వాగులు, ఆరవు. నువ్వు 'పేరు లేని జలపాతం' అన్నది అలాంటి ఊటే. నీకు దాని పేరు తెలీదు అంతే, కింద ఊరివాళ్ళకి తెలుసు. వాళ్ళు తాగేది ఆ నీళ్ళే. నువ్వు పిన్ పెడితే ఆదివారం నాలుగు కార్లొస్తాయి. సబ్బులేసి స్నానాలు, బిరియానీ పొట్లాలు, సీసాలు. మొన్న సంక్రాంతికి పగిలిన సీసా గుచ్చుకుని మా మనవరాలి కాలికి మూడు కుట్లు పడ్డాయి.

మాచ్‌ఖండ్_క్వార్టర్స్:
నేనూ ఒక మాట చెప్పాలి. డుడుమ 175 మీటర్లు అని అందరూ రాస్తారు, నీళ్ళు ఎప్పుడుంటాయో ఒక్కరూ రాయరు. మా నాన్న అక్కడి పవర్‌హౌస్‌లో పనిచేశారు, నేను పెరిగింది ఒనకఢిల్లీలో. పైన జోలాపుట్ డ్యామ్‌లో నీళ్ళు నిలబెట్టి, జలపాతానికి ముందే మళ్ళించి, పవర్‌హౌస్‌కి దింపుతారు. ఆంధ్రా, ఒడిశా ఉమ్మడి ప్రాజెక్టు, 1955లో మొదలైంది, ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. యూనిట్లు తిరుగుతుంటే కొండ మీంచి పడేది మిగిలిన నీళ్ళే. మార్చిలో వచ్చినవాడికి రాతిగోడ మీద తెల్ల దారంలా కనిపిస్తుంది. వాడు ఇంటికెళ్ళి 'మోసం' అని ఒక చుక్క రేటింగ్ ఇస్తాడు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో రమ్మనండి. అప్పుడు చూడాలి దాన్ని. లోయలోంచి లేచిన తుంపర వ్యూపాయింట్ దగ్గర చొక్కా తడిపేస్తుంది.

గుణుపురం_పిల్ల:
లోయలో పవర్‌హౌస్‌కి తాడు మీద దింపే వించ్ బండి ఉందట, అది ఎక్కనిస్తారా అంకుల్?

మాచ్‌ఖండ్_క్వార్టర్స్:
అది పనివాళ్ళ కోసం అమ్మా. పర్మిషన్ లేకుండా ఎక్కనివ్వరు. చిన్నప్పుడు నాన్నతో ఒకసారి దిగాను, కళ్ళు మూసుకునే ఉన్నాను.

సునాబెడ_కుర్రోడు:
మాష్టారూ, చెత్త వేసేవాడిని తిట్టండి, దారి చూపించేవాడిని కాదు. నా బండిలో ఎప్పుడూ గోనెసంచి ఉంటుంది, చెత్త తిరిగి సిమిలిగుడ తెస్తాను. మా నాన్న విమానం ఇంజిన్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేశాడు, నాకది కూడా దొరకలేదు. బండి కిస్తీ నెలకి పద్నాలుగు వేలు. నవంబర్ నుంచి జనవరి దాకా సంపాదించిందే ఏడాదంతా తినాలి. మీకు ఒకటో తారీఖున పెన్షన్ పడుతుంది. మీకు ప్రకృతి కావాలి, నాకు ప్యాసింజర్ కావాలి.

నందపురం_మాష్టారు:
పెన్షన్ ఊరికే రాలేదు నాయనా. ముప్పయ్యొక్క ఏళ్ళు కొండల్లో బడి చెప్పాను.

లెక్కల_రాయుడు:
ఆర్మకొండని కొన్నిచోట్ల జిందగడ అని కూడా రాస్తున్నారు. ఎవరైనా క్లారిటీ ఇస్తారా?

మాచ్‌ఖండ్_క్వార్టర్స్:
రాయుడు గారూ, మీకొక దండం.

జయపురం_వాసి:
దాచిపెడితే ఆగుతుందా మాష్టారూ? దేవమాలి మీదికి రోడ్డు లేనప్పుడు కూడా జనం నడిచి ఎక్కారు. ఇప్పుడు డిసెంబర్ ఆదివారం తెల్లారుజామున అక్కడ బండి తిప్పడానికి చోటు ఉండదు. మేఘాలు కిందా, మనం పైనా, ఫోటో తీసుకోనివాడు ఎవడు? ఇంకో నాలుగు జాగాలు తెలిస్తే జనం చెదురుతారు, దేవమాలికే కాస్త ఊపిరాడుతుంది.

నందపురం_మాష్టారు:
చెదరరు. ఐదు చోట్లా చెత్త వేస్తారు.

సునాబెడ_కుర్రోడు:
సరే, జలపాతాల సంగతి ఒప్పుకుందాం. కొలాబ్ గట్టు ఎందుకు తీసెయ్యాలి? అక్కడ ఊట లేదు, తాగే నీళ్ళ గెడ్డ లేదు. అది డ్యామ్ నీళ్ళు. దానికి మాత్రం మీరు కారణం చెప్పలేదు.

నందపురం_మాష్టారు:
చెప్పనక్కర్లేదు. తీసెయ్.

సునాబెడ_కుర్రోడు:
అయితే నేను చెప్తాను. పోయిన ఏడు ఫాల్గుణంలో నా బండి కట్టించుకుని ఆ గట్టుకే వెళ్ళారు. "ఇక్కడ ఓ అరెకరం దొరుకుతుందేమో కనుక్కో, రెండు గదులు వేసుకుంటాను" అని నాతోనే అన్నారు. మీరు ఇల్లు కట్టుకుంటే ప్రకృతి, నేను టెంట్ వేయిస్తే చెత్త. అంతేనా మాష్టారూ? ఇన్నాళ్ళూ పరువని నోరెత్తలేదు.

గుణుపురం_పిల్ల:
అయ్యబాబోయ్.

నందపురం_మాష్టారు:
అన్నాను. కాదనను. ఆ గట్టుకి ఎదురుగా నీళ్ళలో మా అమ్మ పుట్టిన ఊరుంది. నేను ఇంటర్‌లో ఉండగా ఖాళీ చేయించారు. మా తాతకి అక్కడ కిరాణా కొట్టు, వెనక రెండు గదులు ఉండేవి. నష్టపరిహారం కోసం మా మామయ్య ఒక ఆఫీసు చుట్టూ నాలుగేళ్ళు తిరిగాడు. కొట్టుకి లెక్క కట్టలేదు, గోడలకి కట్టారు. జలాశయం నిండితే 858 మీటర్ల మట్టం అంటారు, మా ఊరు దానికి బాగా దిగువ. ఎండాకాలం బాగా తగ్గిన ఏడు చింతచెట్టు మొద్దు ఒకటి తేలుతుంది. దాన్ని చూడటానికే ఏటా వెళ్తాను. ఆ మొద్దు పక్కన పాటలు పెట్టుకుని బార్బెక్యూ చేస్తున్న వీడియో చూశాను, అప్పట్నుంచి నాకు మనసు బాలేదు. ఇదీ కారణం. చాలా?

సునాబెడ_కుర్రోడు:
అది నాకు తెలీదు మాష్టారూ.

జయపురం_వాసి:
బాధే, కాదనను. కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ తాతగారు ఆ ఊరికి పార్వతీపురం నుంచి పసుపు, వలిసెలు కొనడానికే కదా వచ్చారు? మా తాతా అలాగే వచ్చాడు. మన కొట్లు మునిగాయి, నిజం. పొలాలు మునిగింది మాత్రం ఇక్కడి ఆదివాసీలు పరజావాళ్ళవి. వాళ్ళెవరైనా 'మా ఊరు' అని ఇలాంటిచోట రాస్తున్నారా? ఇక అరెకరం మాటంటారా, ఇది షెడ్యూల్డ్ ఏరియా. ఆదివాసీ భూమి మనలాంటివాళ్ళు కొనకూడదని 1956 రెగ్యులేషన్ ఉంది. బడి చెప్పినవారు, మీకు తెలియదా?

నందపురం_మాష్టారు:
తెలుసు. కొనమనలేదు, దొరుకుతుందేమో కనుక్కోమన్నాను. అవునులే, రెండూ ఒకటే. ఆ రోజు చింతమొద్దు చూసి నోరు జారాను.

సిమిలిగుడ_టీచర్:
రెండ్రోజులుగా చదువుతున్నాను. మాష్టారు మా ఆయనకి గురువు, అయినా రాయాలి. ఆ పిన్ ఉన్న జాగా నాకు బాగా తెలుసు, నా హాస్టల్ పిల్లలు ముగ్గురు ఆ పై ఊరివాళ్ళే. ముంపులో పోయాక వాళ్ళ పెద్దలు గట్టు మీదికి జరిగి ఇళ్ళు వేసుకున్నారు. నీళ్ళు తగ్గగానే తేలిన ఒండ్రులో కూరగాయలు వేస్తారు. కుర్రోడు టెంట్‌కి బాగుందన్న ఆ చదును జాగా మడి బాబూ. పంట కోసేశాక చూసి ఖాళీ అనుకున్నావు. పోయిన జనవరిలో రెండు కార్లు మొలకల మీదే ఆపారట. మాష్టారు చూసింది చింతమొద్దు, నువ్వు చూసింది టెంట్. ఆ మడి మీ ఇద్దరికీ కనపడలేదు. ఎవరూ వాళ్ళని అడగలేదు. అడిగితే రావద్దంటారని కూడా నేననుకోను. బండికి ఇంత అని తీసుకుంటారు, ఎక్కడ ఆపాలో చెప్తారు. నా క్లాసులో పిల్లాడు నన్నడిగాడు, "దీదీ, వాళ్ళు మా పొలంలోకొచ్చి మా పొలాన్నే ఫోటో ఎందుకు తీసుకుంటారు?" అని. ఏం చెప్పను?

లెక్కల_రాయుడు:
టీచర్ గారు బాగా రాశారు.

సునాబెడ_కుర్రోడు:
గట్టు పిన్ తీసేశాను. మడి అని నిజంగా తెలీదు. ఆదివారం కిరాయి లేదు, ఆ ఊరికి వెళ్ళి మాట్లాడతాను. టీచరమ్మా, పరజా మాట్లాడేవాళ్ళు ఎవరైనా తోడొస్తారా? ఇక్కడందరూ మాట్లాడుకునే దేశియా భాషే నాకు అంతంత మాత్రం. జలపాతాలు మాత్రం ఉంచుతున్నాను.

నందపురం_మాష్టారు:
జలపాతాలు కూడా తీసెయ్.

సునాబెడ_కుర్రోడు:
మాష్టారూ, కిస్తీ మీరు కడతారా?

నందపురం_మాష్టారు:
కట్టను. ఆదివారం ఎన్నింటికి బయల్దేరతావో చెప్పు. నాకు పరజా వచ్చు.