ఒకే ట్యాగ్, రెండు సర్వర్లు, రెండు లెక్కలు: మనం రిలేలో చేరాలా, వద్దా?

సింగ్‌నగర్_గట్టు

మన మాస్టోడాన్ (ఎవరి సర్వర్ వాళ్ళు నడుపుకుంటూ ఒకదానితో ఒకటి కలిసే సోషల్ నెట్‌వర్క్) సర్వర్ సభ్యులందరికీ నమస్తే. నేను #విజయవాడ ట్యాగ్‌ని ఫాలో అవుతున్నాను. వారం మొత్తానికి నాలుగు పోస్టులు కనపడ్డాయి, అందులో రెండు నావే. అదే ట్యాగ్‌ని ఒక పెద్ద సర్వర్ పేజీలో తెరిచి చూస్తే లాగినకొద్దీ వస్తూనే ఉన్నాయి. ట్యాగ్ ఒకటే, నెట్‌వర్క్ ఒకటే అంటారు, మరి మనకెందుకు ఈ కరువు? రిలే అని ఒకటుందట, దాంట్లో చేరితే ఆ పోస్టులు మనకీ వచ్చి పడతాయట. చేరదామని నా మాట.

సరదాకి అడగట్లేదండీ. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా పేటలోకి వచ్చినప్పుడు మేం మేడ మీద ఉన్నాం. ఫోన్‌లో చార్జింగ్ ఉన్నంతసేపూ పడవ ఎటు వస్తోంది, పాలప్యాకెట్లు ఎక్కడ పంచుతున్నారు అని వెతకడమే పని. అలాంటి రోజు మళ్ళీ వస్తే ఈ నాలుగు పోస్టుల ట్యాగ్ దేనికి పనికొస్తుంది?

సర్వర్_కాపలా

అడ్మిన్‌ని కాబట్టి ముందు నేనే చెప్పాలి. ఇది మన సర్వర్ లోపం కాదు, అసలు పద్ధతే అంత.

పాతరోజుల్లో ఊళ్ళో ఒక్క చందాదారుడైనా ఉంటేనే బస్సులో పేపరు దిగేది. దిగాక అరుగు మీద పదిమందీ చదివేవాళ్ళు. ఇదీ అంతే. మనలో ఒకరు బయటి సర్వర్ మనిషిని ఫాలో అయితే ఆ మనిషి పోస్టులు మన సర్వర్‌కి దిగుతాయి. మనవాళ్ళు ఫాలో అయ్యేవాళ్ళు ఎవరైనా ఒక పోస్టుని బూస్ట్ చేస్తే, అంటే తమ ఫాలోవర్లకి మళ్ళీ పంచితే, అదీ దిగుతుంది. అలా దిగినవాటిలోంచే ట్యాగ్ పేజీ తయారవుతుంది. ట్యాగ్ ఫాలో అయ్యే సౌకర్యం 2022 నవంబర్‌లో 4.0 వెర్షన్‌తో వచ్చింది గానీ, అది చేసేది కూడా అరుగు మీదున్న పేపర్లలోంచి కత్తిరించి మీ హోమ్‌లో పెట్టడమే. కొత్త పేపరు తెప్పించదు.

ఎందుకు తెప్పించదంటే, మన సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ పద్ధతిలో చిరునామా ఉండేది ఖాతాలకి. 'నన్ను ఫాలోవర్‌గా చేర్చుకో' అని ఖాతాకి ఉత్తరం రాయొచ్చు. ట్యాగ్‌కి ఇల్లూ వాకిలీ లేదు, ఎవరికి రాస్తాం?

బ్రాడీపేట_నాలుగో_లైను

కాపలా అన్నా, అరుగు కథ బాగుంది గానీ కొత్తగా వచ్చినవాడికి అరుగులూ చందాలూ ఎందుకు? వాడు # కొట్టి వెతుకుతాడు, నాలుగు కనపడితే 'ఇక్కడ తెలుగోళ్ళెవరూ లేరు' అనుకుని పోతాడు. మా గుంటూరు కుర్రాళ్ళు నలుగురు అలాగే పోయారు. బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్‌కి వెళ్తే ట్యాగ్ కొట్టగానే అందరివీ కనపడతాయి. వాళ్ళ దగ్గరా రిలే అనే పేరే ఉంది, కాకపోతే అది మొత్తం నెట్‌వర్క్ పోస్టుల్ని ఒకచోటికి లాగుతుంది.

2007లో క్రిస్ మెస్సీనా ట్విట్టర్‌లో # గుర్తు వాడదామన్నప్పుడు పోస్టులన్నీ ఒకే కంపెనీ గోడౌన్‌లో ఉండేవి. ఆ పద్ధతిని తెచ్చి గోడౌనే లేని చోట పెట్టి, ఇప్పుడు 'పద్ధతే అంత' అంటే ఎలా?

సర్వర్_కాపలా

తమ్ముడూ, గోడౌన్ ఉంటే తాళంచెవి కూడా ఒకరి దగ్గరే ఉంటుంది. బ్లూస్కైలో ఆ పెద్ద పని ఎక్కువభాగం ఒకే కంపెనీ చేస్తోంది. అది వద్దనే కదా ఇక్కడికొచ్చాం.

రిలే సంగతికొస్తే, అవి రెండు రకాలు. ఒక రకంలో చేరిన సర్వర్లన్నిటి బహిరంగ పోస్టులూ అందరికీ వెళ్తాయి. దాంట్లో చేరితే జపాన్ పిల్లుల దగ్గర్నుంచి జర్మనీ రైళ్ళ దాకా అన్నీ మన డిస్క్ మీద పడతాయి, ఆ ఫొటోల కాపీలతో సహా. మీ చందాలతో నడిచే చిన్న మెషిన్ అది. రెండో రకంలో, చెప్పిన ట్యాగులవి మాత్రమే వస్తాయి. దానికి నేను మరీ వ్యతిరేకిని కాను. అయితే చేరిన రోజు నుంచి వచ్చేవే వస్తాయి, పాతవి రావు.

పటమట_పెరడు

నేను వ్యతిరేకినే, కారణం డిస్క్ కాదు.

మా పెరట్లో పూసిన మందారం ఫొటో పెట్టి #విజయవాడ అని రాశాను. నా లెక్కలో అది మన వందమందీ, వాళ్ళ స్నేహితులూ చూస్తారని. ఒక పెద్ద ఖాతా దాన్ని బూస్ట్ చేసింది. రెండు గంటల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి ఇల్లెక్కడ, ఏ వీధి అని మొదలుపెట్టారు. రిలే అంటే ఆ బూస్ట్ రోజూ, ప్రతి పోస్టుకీ, ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా జరగడమే కదా?

సింగ్‌నగర్_గట్టు

అక్కా, మీకు జరిగింది తప్పే. కానీ ట్యాగ్ పెట్టేదే ఎవరైనా వెతికి చూడాలని కదా? వద్దనుకుంటే ట్యాగ్ తీసేయొచ్చు, లేదా పబ్లిక్ బదులు దాని కింద ఉండే రకం ఎంచుకోవచ్చు. అలా పెట్టిన పోస్టు ట్యాగ్ పేజీల్లోకి రాదు.

పటమట_పెరడు

తలుపు తీసి ఉంటే లోపలికి రావడం రైటే అన్నట్టుంది బాబూ. మా వీధివాళ్ళ కోసం తీసిన తలుపది. అయినా పబ్లిక్ కింద ఉండే ఆ రకం సంగతి నాకిప్పుడే తెలిసింది, అది వేరే విషయం.

సర్వర్_కాపలా

పటమట గారూ, ఒక సందేహం తీర్చేస్తాను. మనం బ్లాక్ చేసిన సర్వర్ల పోస్టులు రిలే తెచ్చినా మన గుమ్మం దాటవు. పైగా మీరు భయపడేది మన పోస్టులు బయటికి పోవడం, గట్టు గారు అడిగేది బయటివి లోపలికి రావడం. ట్యాగ్ రిలేలో పోస్టులు తెచ్చుకోవడం వరకే పెట్టుకోవచ్చు, మనవి పంపక్కర్లేదు.

బ్రాడీపేట_నాలుగో_లైను

అంటే మనం అందరివీ చదువుతాం, మనవి మాత్రం ఇవ్వం. ప్రతి సర్వరూ ఇదే లెక్క వేసుకుంటే రిలేలో ఇక మిగిలేది గాలే.

చెవితో_చదువుతా

మీరంతా పైపుల గురించి కొట్టుకుంటున్నారు. పైపులో పోసే నీళ్ళ సంగతి ఎవరూ చూడట్లేదు.

నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో వింటాను. నిన్న మన సర్వర్‌లో మనవాళ్ళు రాసిన ట్యాగులే ఓపిగ్గా విన్నాను. #విజయవాడ ఉంది. #బెజవాడ ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో ఒకటుంది. ఇవి వేర్వేరని అందరికీ తెలుసు. ఇంకా వినండి: #విజయవాడలో, #విజయవాడకి, #బెజవాడోళ్ళు. ఇంగ్లిష్‌లో వాక్యం మధ్యలో ఊరి పేరుకి # తగిలిస్తే పేరు పేరులాగే ఉంటుంది. తెలుగులో విభక్తి పేరుకి అతుక్కుపోతుంది, ట్యాగ్ దాన్నీ మింగేస్తుంది. సర్వర్‌కి #విజయవాడలో అన్నది వేరే ట్యాగే. ఇంగ్లిష్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాని మాస్టోడాన్ పట్టించుకోదు. మన 'లో'ని మాత్రం వదలదు.

వరద సంగతి ఎత్తారు కాబట్టి అదీ చెప్తాను. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. ఆ రోజు వార్త రాసేవాడు బ్యారేజ్ అంటాడా, బ్యారేజి అంటాడా, బ్యారేజీ అంటాడా? మూడూ మూడు ట్యాగులు. ప్రపంచంలోని రిలేలన్నీ కలిపి తెచ్చినా మీరు ఫాలో అయింది ఒకటే అయితే మిగతా రెండూ మీకు రావు.

సింగ్‌నగర్_గట్టు

మాస్టారూ, ఇది నాకు తట్టనేలేదు. నేనే రెండు రోజుల క్రితం '#సింగ్‌నగర్‌లో కరెంటు లేదు' అని పెట్టాను. ఎవరూ పలకలేదని అలిగాను కూడా.

చెవితో_చదువుతా

అలగడం మానేసి ట్యాగుల్ని పోస్టు చివర, విడిగా ఒక వరుసలో పెట్టండి. విభక్తి అతుక్కోదు, నాకు వినడానికీ హాయి. రెండు మాటలు కలిపే చోట మధ్యలో కింది గీత వేయండి. ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలు చూసి నా రీడర్ మాటల్ని విడదీస్తుంది, తెలుగులో ఆ ఆధారం లేదు.

ఇంకొకటి. వరద రోజున సగం నిండిన ట్యాగ్ కంటే అసలు ట్యాగ్ లేకపోవడమే మేలు. ఆ పేజీలో ఒక వీధి నుంచి ఏమీ కనపడకపోతే 'అక్కడ ఎవరూ సాయం అడగలేదు' అనుకుంటాం. అడిగారు, మనదాకా రాలేదంతే. గట్టు గారూ, ఆ రోజు మీకు పడవ కబురు ఎలా అందింది?

సింగ్‌నగర్_గట్టు

వాట్సాప్‌లో. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో.

బ్రాడీపేట_నాలుగో_లైను

ఇక్కడే ఆపుదామా మరి? ఆ వాట్సాప్ కబురు మీ గ్రూపు దాకే వచ్చింది, పక్క అపార్ట్‌మెంట్‌కి రాలేదు. అందుకేగా బహిరంగంగా ఉండే ట్యాగ్ కావాలన్నది. నాకైతే రిలే కావాలి, మాస్టారు చెప్పినదీ కావాలి. లెమ్మీ (ఇదే నెట్‌వర్క్‌లో కలిసే చర్చా గ్రూపుల సాఫ్ట్‌వేర్) తరహా గ్రూపు ఖాతా కూడా ఆలోచించండి. దానికి చిరునామా ఉంటుంది, ఫాలో అయిన ప్రతి సర్వర్‌కీ అదే బూస్ట్ చేసి పంపుతుంది. కాపలా అన్న అడిగిన ఇల్లూ వాకిలీ అదే.

సర్వర్_కాపలా

గ్రూపుకి కాపలా ఎవరు తమ్ముడూ, నువ్వా? చెత్త బూస్ట్ అయితే అర్ధరాత్రి లేచి తీసేవాళ్ళు కావాలి.

సరే, నేను చేయగలిగింది చెప్తాను. ఒక నెల ట్యాగ్ రిలే పెట్టి చూస్తాను, మూడు ట్యాగులకి మాత్రమే, తెచ్చుకోవడం వరకే. డిస్క్ ఎంత తిన్నదో వారం వారం ఇక్కడే రాస్తాను. పటమట గారూ, మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఈలోగా ఎవరికైనా బయట మంచి పోస్టు కనపడితే దాని లింకు తెచ్చి మన వెతికే పెట్టెలో వేయండి. ఆ ఒక్కటీ అరుగు మీదికి వస్తుంది, ట్యాగ్ పేజీలో కూడా చేరుతుంది. రాసినవాళ్ళు నచ్చితే ఫాలో అవండి, ఇక రోజూ దిగుతుంది.

ట్యాగులు: #విజయవాడ, #గుంటూరు, #కృష్ణా_వరద. అభ్యంతరాలుంటే ఆదివారంలోపు.

పటమట_పెరడు

తెచ్చుకోవడం వరకే అయితే సరే. పంపడం మొదలుపెట్టే ముందు మళ్ళీ ఇక్కడ అడగాలి.

సింగ్‌నగర్_గట్టు

వరద ట్యాగ్ మార్చండి. మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు.

సీతానగరం_రేవు

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. మేం తాడేపల్లివాళ్ళం. జిల్లా గుంటూరు, సరుకులకీ సినిమాలకీ బ్యారేజీ దాటి విజయవాడ. మేం ఏ ట్యాగ్ వేసుకోవాలి?