2004లో ముందస్తుకు వెళ్ళకపోతే వాజ్‌పేయి గెలిచేవారా?

కపిలతీర్థం:
2004లో వాజ్‌పేయిని ఓడించింది కాంగ్రెస్ కాదు, తొందర. ఇది నా వాదన. 2003 అక్టోబరు 1న శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి కొండకు బయలుదేరిన చంద్రబాబు కాన్వాయ్‌పై అలిపిరి దగ్గర నక్సలైట్లు మందుపాతరలు పేల్చారు. ఆయన బతికి బయటపడ్డారు. సానుభూతి ఉండగానే పని కానివ్వాలని నవంబరులో శాసనసభను రద్దు చేయించారు. డిసెంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ చేతికి రాగానే ఢిల్లీకీ అదే తొందర అంటుకుంది. అక్టోబరు దాకా గడువున్న లోక్‌సభ ఫిబ్రవరిలోనే రద్దయింది. ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 కొట్టిన నెలన్నరకే ప్రభుత్వం పోయింది! అలిపిరిలో ఏమీ జరగలేదనుకోండి. ఎన్నికలు మామూలుగా సెప్టెంబరులో జరిగేవి, వాజ్‌పేయి మళ్ళీ ప్రధాని అయ్యేవారు. కాదనేవాళ్ళు రండి.

వేరుశనగ:
ఏ సెప్టెంబరు సార్? 2004లో నైరుతి దేశమంతటా మొహం చాటేసింది. వాన సగటు కంటే పది శాతానికి పైగా తక్కువ. 2003లో దేశం మొత్తం మీద వానలు బాగానే పడ్డాయి, ఆ ఏడాది వృద్ధి 8 శాతం. అంటే ఆయనకు ఏప్రిలే మంచి ముహూర్తం.

మన జిల్లా సంగతి వేరు. మాది వాయల్పాడు పక్క. వేరుశనగ ఊడలు దిగే వేళకు నేల రాయిలా బిగుసుకుపోయింది. ఊడలు మన్ను పైనే ఎండి నల్లబడ్డాయి. మా నాన్న మూడో బోరు వేయించారు. రాత్రంతా బండి మోత. తెల్లవారి చూస్తే మామిడి ఆకుల నిండా తెల్లటి రాతిపొడి, నీటిచుక్క లేదు. ఆ ఇంటికి వచ్చి 'భారత్ వెలిగిపోతోంది' అంటే ఎలా ఉంటుంది? వైఎస్ ఉచిత కరెంటు మాటే చెవికెక్కింది. నీళ్ళు లేని బోరుకు ఉచిత కరెంటు ఎందుకని మా నాన్నను ఇప్పటికీ ఏడిపిస్తుంటాను, అది వేరే సంగతి.

ఇంకొకటి. పేలుడు జరిగిన తిరుపతి లోక్‌సభ స్థానం 1999లో భాజపాది. 2004లో అదీ కాంగ్రెస్‌కే పోయింది. సానుభూతి అలిపిరి గేటు కూడా దాటలేదన్నమాట.

నగరి సరిహద్దు:
మీరిద్దరూ తిరుపతి దగ్గరే ఆగిపోయారు. మా ఊరు దాటి కాస్త ముందుకు పోతే తమిళనాడులోని తిరుత్తణి. 2003 డిసెంబరులో డీఎంకే వాజ్‌పేయి కూటమిని వదిలేసింది, భాజపా వెళ్ళి జయలలిత పక్కన చేరింది. ఆమె ప్రభుత్వం ఆ జులైలోనే సమ్మె చేసిన సుమారు 1.7 లక్షల మంది ఉద్యోగులను తొలగించింది. ఆ వేసవిలో తిరుత్తణిలో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటూ, "వాజ్‌పేయి మంచివారే, కూర్చున్న చోటు మంచిది కాదు" అన్నారు. ఆ రాష్ట్రంలో భాజపా, జయలలిత కూటమికి 39 సీట్లలో ఒక్కటీ రాలేదు.

లెక్కల మాస్టారు:
1999లో మన రాష్ట్రంలో తెదేపా 29, భాజపా 7, మొత్తం 36. 2004లో 5, అందులో ఒకటి మన చిత్తూరు. తమిళనాట 26 నుంచి సున్నా. రెండు రాష్ట్రాల్లోనే 57 పోయాయి. తేదీ మార్చితే ఇవన్నీ తిరిగి వస్తాయంటే నేను నమ్మను.

కపిలతీర్థం:
సరే, తేదీని వదిలేస్తున్నాను. డీఎంకేను పోనివ్వకుండా ఆపుకుని ఉంటే?

లెక్కల మాస్టారు:
ఇప్పుడు దారికి వచ్చారు. దేశంలో కాంగ్రెస్‌కు 145, భాజపాకు 138. కాంగ్రెస్ సీట్లలో 10 తమిళనాడువి, డీఎంకే పొత్తు పుణ్యాన వచ్చినవి. 1999లో డీఎంకే అటువైపు ఉన్నప్పుడు అక్కడ కాంగ్రెస్‌కు 2, భాజపాకు 4. ఆ అంకెలే మళ్ళీ వచ్చాయనుకుంటే కాంగ్రెస్ 137, భాజపా 142. కలాం గారు మొదట ఎవరిని పిలిచేవారు? అతి పెద్ద పార్టీని పిలవడం 1996లో చూశాం, పదమూడు రోజుల ముచ్చట. ఈసారీ పిలుపు వచ్చేది. బలపరీక్ష మాటేమిటి? వామపక్షాల 59 ఎలాగూ రావు. ములాయం 36, మాయావతి 19. ఎవరిని తెస్తారు?

కపిలతీర్థం:
మాయావతిని. 2002లో భాజపా మద్దతుతోనే కదా ముఖ్యమంత్రి అయ్యారు.

వేరుశనగ:
2003 ఆగస్టులో ఆ పొత్తు తెగింది కూడా. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటుతో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయిన రోజున ఆమె పార్టీ చివరి నిమిషంలో ఎటు ఓటేసిందో గుర్తుందా సార్?