నాగసాకి మీద రెండో బాంబు: హిరోషిమాకు చెప్పే సమర్థన దానికి సరిపోతుందా?

కృష్ణాతీరం

ప్రతి ఆగస్టులోనూ అణుబాంబు మీద వాదన మొదలవుతుంది, హిరోషిమా దగ్గరే ఆగిపోతుంది. బాంబు వల్ల యుద్ధం త్వరగా ముగిసిందని ఒకరు, జపాన్ ఎలాగూ లొంగిపోయేదని మరొకరు అంటారు. ఆ పెద్ద తగవును కాసేపు పక్కన పెడదాం. హిరోషిమాకు చెప్పే సమర్థన మొత్తం ఒప్పుకున్నామనే అనుకుందాం. మూడు రోజులకే నాగసాకిని కాల్చడానికి అది చాలుతుందా? చాలదు అన్నది నా వాదన.

జరిగిన క్రమం చూడండి. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు హిరోషిమా మీద అమెరికా బాంబు పడింది. ఊరితో సంబంధాలు తెగిపోవడంతో అక్కడ ఏం జరిగిందో టోక్యోకు స్పష్టంగా తెలియలేదు. అణుశాస్త్రవేత్త నిషినా హిరోషిమా చేరి, అది అణుబాంబేనని తేల్చేసరికి 8వ తేదీ వచ్చింది. అదే రోజు రాత్రి సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధం ప్రకటించింది. తెల్లవారేలోగా దాని సేనలు జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలో (ఈశాన్య చైనా) ప్రవేశించాయి. 9వ తేదీ ఉదయం జపాన్ అత్యున్నత యుద్ధమండలిలోని ఆరుగురు లొంగుబాటు గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. వాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే, 11:02కు నాగసాకి మీద బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి అక్కడ చనిపోయినవారు సుమారు 74,000 మంది.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి ఉంది. రెండో బాంబు వేయాలా వద్దా అని ఎవరూ విడిగా కూర్చుని ఆలోచించనే లేదు. మొదటి బాంబును ఆగస్టు 3 తర్వాత వాతావరణం చూసుకుని వేయాలని, తర్వాతివి సిద్ధమైన కొద్దీ వేస్తూ పోవాలని జూలై 25 నాటి అమెరికా సైన్యం ఒకే ఉత్తర్వులో ఉంది. రెండోదాన్ని మొదట 11వ తేదీకి అనుకున్నారు. వాతావరణం పాడవుతుందన్న సూచనతో 9కి జరిపారు. ఒక నగరం ఏ రోజు చావాలో మబ్బులు నిర్ణయించాయి. ఏ నగరమో కూడా అవే నిర్ణయించాయి. ఆ రోజు అసలు లక్ష్యం కొకురా. అక్కడ మసకగా ఉండటంతో విమానం మూడుసార్లు చుట్టి, ఇంధనం తగ్గిపోతుంటే నాగసాకికి మళ్లింది. అక్కడా మబ్బులే. బాంబు అనుకున్న చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, ఉరకామి లోయ మీద పడింది. జపాన్‌లో క్యాథలిక్కులు ఎక్కువగా నివసించే ప్రాంతం అది. చర్చిలో ప్రార్థనకు వచ్చినవారు, వారి పూజారులు అక్కడే చనిపోయారు.

పాత పటం

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన క్రమం సరైనదే. దాన్నుంచి మీరు తేల్చిన మాట మాత్రం సరికాదు. ఒక్క బాంబు చూసి జపాన్ సైన్యం బెదరలేదు. అమెరికా దగ్గర అలాంటివి ఎక్కువ ఉండే అవకాశం లేదని, అందుకు కావలసిన పదార్థం అంత దొరకదని నౌకాదళ అధిపతి టొయోడా భావించాడు. ఆ నమ్మకం చెదరాలంటే రెండోది పడాలి. ఒకటి పడితే ప్రయోగం అనుకోవచ్చు. రెండు పడితే వెనుక ఇంకా వరుసలో ఉన్నాయని అర్థం. ఆ రోజే మంత్రివర్గ సమావేశంలో యుద్ధమంత్రి అనామి, అమెరికా దగ్గర వంద బాంబులు ఉండవచ్చని చెప్పాడు.

నవంబరు 1న జపాన్‌లోని క్యూషూ ద్వీపం మీద దాడికి అమెరికా సిద్ధమవుతోంది. ఒకినావాలో అంతకు ముందే ఏం జరిగిందో గుర్తుంది కదా? మూడు నెలల పోరాటంలో అమెరికన్లు 12,000 మందికి పైగా చనిపోయారు. జపాన్ సైనికులు, ఆ దీవి పౌరులు కలిపి దాదాపు రెండు లక్షలు. అదే ప్రధాన భూభాగం మీద జరగనివ్వడం నైతికమా?

కొండగాలి

మీరిద్దరూ అమెరికన్ల ప్రాణాలు, జపానీయుల ప్రాణాలు మాత్రమే తూస్తున్నారు. మూడో పళ్లెం ఎక్కడ?

మాది విశాఖ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అది చిన్న సంగతే, దాన్ని పట్టుకుని వాదించను. అండమాన్ సంగతి చూడండి. 1942 మార్చి నుంచి యుద్ధం ముగిసేదాకా ఆ దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మంది భారతీయులను గూఢచారులన్న ఆరోపణతో కాల్చి చంపారు. మలయా తోటల్లో పనిచేసే తమిళ, తెలుగు కూలీలను బర్మా రైలుమార్గం పనికి తోలుకుపోతే, వాళ్లలో ఎంతమంది తిరిగి రాలేదో సరైన లెక్క కూడా లేదు. చైనాలో చనిపోయినవారు కోటికి పైనే. వియత్నాంలో 1945లో కరువుకు లక్షల మంది పోయారు. యుద్ధం సాగే ప్రతి వారమూ ఈ చావులూ సాగుతూనే ఉన్నాయి. ఇంకొన్ని వారాలు వేచి ఉండాల్సిందని చెప్పడం సులభం. వేచి ఉండాల్సింది వీళ్లే.

వేపచెట్టు నీడ

ఒక చిన్న సందేహం. బాంబును జనం లేని చోట పేల్చి చూపిస్తే సరిపోయేది కదా? అలా చేయమని ఎవరూ చెప్పలేదా?

న్యాయవిద్యార్థిని

చెప్పారండి. 1945 జూన్‌లో జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో, బాంబు పథకంలోనే పనిచేసిన కొందరు శాస్త్రవేత్తలు అదే సలహా రాసి పంపారు. జూలైలో ఆ పథకంలోని మరో శాస్త్రవేత్త లియో జిలార్డ్ రాసిన విజ్ఞప్తి మీద 70 మంది సంతకాలు చేశారు. లొంగుబాటు షరతులు బహిరంగంగా చెప్పకుండా, లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా బాంబు వేయవద్దని అందులో కోరారు. కానీ ఓపెన్‌హైమర్, ఫెర్మి, లారెన్స్, కాంప్టన్ నలుగురూ ఉన్న, ప్రభుత్వానికి సలహా ఇచ్చే శాస్త్రీయ సంఘం, యుద్ధాన్ని ఆపగల ప్రదర్శన ఏదీ తమకు తోచడం లేదని జూన్ 16న తేల్చింది.

చట్టం గురించి కూడా ఒక మాట. బాధితులు వేసిన దావాలో 1963లో టోక్యో జిల్లా న్యాయస్థానం, ఈ రెండు దాడులూ అప్పటికి ఉన్న అంతర్జాతీయ చట్టానికే విరుద్ధమని చెప్పింది. పరిహారం మాత్రం ఇప్పించలేదు. 1996లో అంతర్జాతీయ న్యాయస్థానం, అణ్వాయుధాల వాడకం సాధారణంగా యుద్ధచట్టానికి విరుద్ధమంది. అయితే దేశం మనుగడే ప్రమాదంలో పడినప్పుడు ఏమిటన్నది తేల్చలేకపోయింది. న్యాయమూర్తులు ఏడుగురు ఒకవైపు, ఏడుగురు మరోవైపు నిలిస్తే అధ్యక్షుడి అదనపు ఓటుతో అలా ముగిసింది. గమనించండి, 1945 ఆగస్టు 9న అమెరికా మనుగడకు ఏ ప్రమాదమూ లేదు. న్యాయస్థానం తెరిచి ఉంచిన ఆ సందులో కూడా నాగసాకి పట్టదు.

కొండగాలి గారి మాట బరువైనదే. అయితే కొరియా నుంచి జపాన్ పనికి తెచ్చిన కూలీలు వేల సంఖ్యలో ఈ బాంబులకు బలయ్యారు. నాగసాకిలో మిత్రదేశాల యుద్ధఖైదీల శిబిరం కూడా ఉండేది, అక్కడా కొందరు చనిపోయారు. ఎవరిని విడిపించడానికని చెబుతున్నారో వాళ్లూ ఆ మంటలోనే ఉన్నారు.

తిక్కన పాఠకుడు

ఈ ప్రశ్నను మనవాళ్లు ఎప్పుడో ఎదుర్కొన్నారు. మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం వేస్తే, దానికి మారుగా అర్జునుడూ అదే అస్త్రం వేశాడు. వ్యాసుడు, నారదుడు నడుమ నిలిచి ఉపసంహరించమన్నారు. అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. చివరికి అది ఉత్తర గర్భంలోని శిశువు మీద పడింది. వెనక్కి తీసుకునే శక్తి లేనివాడికి ఆ అస్త్రం వేసే అర్హత లేదన్నది నాకు అక్కడ కనిపించే ధర్మం. కృష్ణాతీరం గారు చెప్పిన జూలై 25 ఉత్తర్వును ఈ కొలతతోనే చూడాలని నా మనవి.

పాత పటం

పురాణం గొప్పదే, కాదనను. కానీ నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. రెండో బాంబు పడింది, అదే రాత్రి చక్రవర్తి లొంగుబాటుకు మొగ్గాడు. ఈ రెండింటికీ సంబంధం లేదని ఎలా అంటారు? ఆగస్టు 15 ప్రకటనలో ఆయన స్వయంగా క్రూరమైన కొత్త బాంబు గురించి చెప్పాడు కదా.

కృష్ణాతీరం

జవాబిస్తాను. ఆ ప్రకటన దేశ ప్రజలకు. రెండు రోజుల తర్వాత, 17వ తేదీన, సైనికులకు మరో ప్రకటన ఇచ్చాడు. అందులో బాంబు ఊసే లేదు, సోవియట్ యుద్ధప్రవేశమే ఉంది. ఎవరికి ఏది చెబితే తలకెక్కుతుందో అది చెప్పాడు. ఒక్క ప్రకటనను పట్టుకుని కారణం తేల్చలేం.

యుద్ధమండలి సంగతికి వస్తే, నాగసాకి వార్త సమావేశం నడుస్తుండగానే వచ్చింది. అయినా ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగానే ఉండిపోయారు. చక్రవర్తి స్థానం నిలిస్తే చాలని ప్రధాని సుజుకి, విదేశాంగ మంత్రి టోగో, నౌకాదళ మంత్రి యొనాయి అన్నారు. నాలుగు షరతులు కావాలని అనామి, సైన్యాధిపతి ఉమెజు, టొయోడా పట్టుబట్టారు. మీరు చెప్పిన అదే టొయోడా, రెండోది పడ్డాక కూడా కదలలేదు. వంద బాంబులు ఉండవచ్చన్న అదే అనామి, అయినా పోరాడుదామనే అన్నాడు. రెండో బాంబు ఎవరి మనసు మార్చాలని మీరంటున్నారో వాళ్ల మనసు మారలేదు.

కొండగాలి గారికి. మీ మూడో పళ్లెం న్యాయమైనదే, దాన్ని మరిచిపోయే చర్చ చర్చే కాదు. అయితే నేను అడుగుతున్నది నెలలు కాదు. హిరోషిమా వార్త, సోవియట్ దాడి వార్త ఆ ఆరుగురికి పూర్తిగా చేరి, ఒక జవాబు రావడానికి పట్టే కొన్ని రోజులు. అండమాన్ కోసమైనా, చైనా కోసమైనా ఉరకామి లోయలోని పిల్లలను ఆ కొన్ని రోజుల ధరగా చెల్లించే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతున్నాను. లెక్క తప్పిందని కాదు, అది లెక్కలో వేయదగిన వస్తువు కాదని.

ఆపడం సాధ్యమేనా అంటారా? ఆగస్టు 10న జపాన్ లొంగుబాటు ప్రతిపాదన రాగానే, తన స్పష్టమైన అనుమతి లేకుండా ఇక అణుబాంబు వేయరాదని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశించాడు. మరో లక్ష మందిని తుడిచిపెట్టడం భరించరానిదని, ముఖ్యంగా ఆ పిల్లలందరినీ అని, ఆయన అన్నట్టు మంత్రి హెన్రీ వాలెస్ తన డైరీలో రాసుకున్నాడు. మూడో బాంబు సిద్ధమవుతూ ఉంది, ఆ నెల మూడో వారానికి వచ్చేది. ఆ ఒక్క ఆదేశంతో ఆగింది. ఆ ఆదేశం 7వ తేదీన ఇవ్వడానికి అడ్డం ఏముందో, పాత పటం గారూ, మీరు చెప్పండి.

పాత పటం

7వ తేదీన జపాన్ నుంచి ఒక్క మాట కూడా రాలేదు. 10న వచ్చింది. మాట రాకముందు చేయి దించడం యుద్ధంలో నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం

చేయి దించమనలేదండి. హిరోషిమా మీద మంట ఇంకా ఆరకముందే మరో నగరం మీదికి ఎత్తవద్దంటున్నాను. మన తేడా ఇక్కడే ఉంది.