అప్‌డేట్: పదాల ఆటల్లో గెలిచింది తొక్కుడుబిళ్లే

మా మూడో తరగతి పిల్లలు సోమవారం నేర్చుకున్న పదాలు శుక్రవారానికి మర్చిపోతున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో రెండు ఆటలు నెల రోజులు ఆడించాను.

అంత్యాక్షరి మొదటి రోజే చతికిలబడింది. ఒకడు "వీణ" అన్నాడు. ఇక "ణ"తో మొదలయ్యే పదం ఎక్కడి నుంచి తేవాలి? పైగా నోరున్న నలుగురే ఆడారు.

తొక్కుడుబిళ్ల మాత్రం హిట్టు. వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసి, గడికో పదం రాశాను. బిళ్ల పడిన గడిలోని పదంతో సొంత వాక్యం చెబితేనే గెంతాలి. "వాగు" మీద పడితే ఒక పాప "మా తమ్ముడు ఊరికే వాగుతాడు" అంది! ఒప్పేసుకున్నాను, రెండర్థాలూ అప్పుడే తేలిపోయాయి.

సగం గళ్లలో పోయిన వారం పదాలే రాస్తున్నాను. కిటుకు అక్కడే ఉందనిపిస్తోంది. గోల మాత్రం తగ్గలేదు, పక్క క్లాసు మేడమ్ ఇంకా గుర్రుగానే ఉన్నారు.