డార్క్‌లింగ్‌లో ఆ ‘లింగ్’ ఏమిటి?

గోదారిగట్టు: రెండు రోజులుగా ఒక ఇంగ్లీషు పద్యం లైను వదలడం లేదు. ఏదో పిట్ట ‘డార్క్‌లింగ్’, అంటే చీకట్లో అనుకోండి, పాడుతుంది. కవి కీట్స్ అనుకుని నైటింగేల్ పిట్ట మీద ఆయన రాసిన ఓడ్ తీశాను. ఆరో చరణంలో మాట ఉంది కానీ అక్కడ డార్క్‌లింగ్ వినేవాడు, పాడే పిట్ట కాదు. డక్‌లింగ్ బాతుపిల్ల అయినట్టే ఇది చీకటిపిల్ల అని డిగ్రీలో మాస్టారు చెప్పారు. లైను ఎవరిది? తెలుగులో ఒక్క మాటలో ఏమనాలి?

పాతనిఘంటువు: మిల్టన్‌ది. ఆయన కావ్యం పారడైజ్ లాస్ట్ మూడో భాగం మొదట్లో. పిల్లా కాదు, పిట్టా కాదండీ. ఈ ‘లింగ్’ క్రియావిశేషణ ప్రత్యయం. హెడ్‌లాంగ్ (తల ముందుగా) ఒకప్పుడు హెడ్‌లింగే. గ్రోవెలింగ్ అంటే మొదట ‘బోర్లా’ అని మాత్రమే. చివర ‘ఇంగ్’ చూసి గ్రోవెల్ (సాగిలపడు) అనే క్రియను తర్వాత పుట్టించారు.

లాంతరు: మాస్టారిని అంత తేలిగ్గా తీసేయకండి. 1755లో నిఘంటువు రాసిన జాన్సన్ కూడా ఇక్కడే తడబడ్డాడు. డార్కిల్ అనే క్రియ నుంచి వచ్చిందేమో, అది నాకెక్కడా కనబడలేదు అన్నాడు. యంగ్‌లింగ్ (పిల్లవాడు) లాంటిదేమో అని కూడా అన్నాడు. తర్వాత కవి బైరన్ ఆ డార్కిల్‌ని నిజంగానే వాడాడు.

గోదారిగట్టు: మరి తెలుగులో?

పాతనిఘంటువు: ‘చీకటివాటుగా’ అంటాను. పక్కవాటు, గాలివాటు ఉన్నాయి కదా. పాత ఇంగ్లీషులో బ్యాక్‌లింగ్ అంటే వెనక్కి. ఈ ప్రత్యయంలో దిక్కు ఉంది.

లాంతరు: చీకటికి దిక్కేమిటండీ? షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్‌లో ఫూల్ (విదూషకుడు) మాట చూడండి, దీపం ఆరిపోయింది, మనం డార్క్‌లింగ్ మిగిలాం అంటాడు. ఎటూ కదలని స్థితి అది. ‘వాటు’ అక్కడ అతకదు.

రేగుపొద: ఎవరూ కవి హార్డీని తలుచుకోలేదు! 1900 డిసెంబరు 31 తేదీ వేసిన పద్యం. ముసలి పిట్ట, బక్కచిక్కింది, గాలికి ఈకలు చెదిరిపోయాయి. అయినా గొంతెత్తింది. పద్యం పేరులోనే డార్క్‌లింగ్ పెట్టి దాన్ని విశేషణం చేసేశాడు. నాకు మాత్రం ఈ మాట హార్డీదే.

లాంతరు: విశేషణం చేయడం కవి ఆర్నల్డ్ ‘డార్క్‌లింగ్ ప్లెయిన్’ (చీకటి మైదానం)లోనే అయిపోయిందండీ. అది 1867లోనే అచ్చయింది.

గోదారిగట్టు: మిల్టన్ లైను ఇప్పుడే చూశాను. పిట్ట పొదనీడలో దాక్కుని పాడుతోంది, చెబుతున్న కవికి కళ్లు లేవు. కీట్స్ దగ్గర ఆ చీకటి వినేవాడి మీదికి వచ్చింది. ‘చీకట్లో’ అంటే రెండింటికీ చాలడం లేదు. ‘చీకటివాటుగా’ పైకి చదువుకుంటే పిట్టకు బాగానే ఉంది, వినేవాడికే ఇంకా కుదరడం లేదు.