భారత పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు: మా బడి గోడ మీద ఏమి రాయించాలి?

హైస్కూలు మైదానం (కడప జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. దాతల సాయంతో మా బాస్కెట్‌బాల్ కోర్టుకు మళ్లీ సిమెంటు వేయించాం. కోర్టు వెనక ప్రహరీ గోడ ఖాళీగా ఉంది. అక్కడ అమెరికా ఆటగాళ్ల బొమ్మలు వేయించమని పిల్లలు అడుగుతున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ భారత జట్టులో ఆడినవాళ్ల పేరు ఒక్కటైనా చెప్పండి అంటే పదో తరగతి పిల్లల్లో ఒక్కరూ నోరు మెదపలేదు. నాకు చాలా బాధ కలిగింది. అందుకే ఆ గోడ మీద మన పురుషుల జట్టు అంతర్జాతీయ చరిత్రను నాలుగు మాటల్లో రాయించాలని అనుకుంటున్నాను.

2024 నవంబరులో ఆసియా కప్ అర్హత పోటీల కోసం కజకిస్తాన్ జట్టు చెన్నై వచ్చినప్పుడు నేను రైలెక్కి వెళ్లి చూశాను. మనవాళ్లు గెలిచారు. గెలుపు కంటే ఎక్కువగా నాకు గుర్తుండిపోయింది డిఫెన్స్‌లో వాళ్ల గొంతులు. స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే అవతలి ఆటగాడు) ఎటువైపు నుంచి వస్తోందో వెనకున్న పొడుగాటి ఆటగాడు కేక వేసి చెబుతాడు. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండానే ఆ పక్కకు జరుగుతాడు. టీవీలో వ్యాఖ్యానం హోరులో ఇది వినబడదు. తిరిగి వచ్చాక మా పిల్లలకు మొదట నేర్పింది అదే, నోరు తెరిచి ఆడడం.

మీరు చూసినవి, విన్నవి, మీ పెద్దలు చెప్పినవి రాయండి. గోడ మీద ఏది ఉండాలి, ఏది వద్దు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

సార్, మొదటి వాక్యం 2014 కావాలి. ఆ ఏడాది జులైలో వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో చైనాను చైనా గడ్డ మీదే 65-58 తేడాతో ఓడించాం. అంతకుముందు మన పురుషుల జట్టు చైనా మీద ఎప్పుడూ గెలవలేదు. విశేష్ భృగువంశీ, అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ ఆడిన జట్టు అది. శిక్షకుడు స్కాట్ ఫ్లెమింగ్.

ఆ స్కోరు చూడండి. నలభై నిమిషాల ఆటలో చైనాను 58 దగ్గర ఆపడం అంటే బుట్ట కింద ప్రతి బంతికీ ఒళ్లు అడ్డం వేశారని అర్థం. నేను విశ్వవిద్యాలయ జట్టుకు ఆడిన రోజుల్లో డిఫెన్స్ మీద ఎవరికీ శ్రద్ధ ఉండేది కాదు, అందరికీ షాట్ల మీదే మోజు. అందుకే ఆ మ్యాచ్ అంటే నాకు ప్రాణం. 2016లో టెహ్రాన్‌లో మళ్లీ చైనాను ఓడించారు. గాలివాటం గెలుపు కాదని చెప్పడానికి ఆ రెండోది చాలు.

1980 ఒలింపిక్స్ సంగతి మాత్రం రాయించకండి. మాస్కోకు చాలా దేశాలు వెళ్లకపోవడంతో మనకు చోటు దొరికింది. వెళ్లి పన్నెండు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచాం. పిల్లల ముందు అదెందుకు?

గుంతకల్లు జంక్షన్ (అనంతపురం జిల్లా)

బాబూ కర్నూలు, నేను రైల్వేలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ని. రైల్వే ఇన్‌స్టిట్యూట్ కోర్టులో సాయంత్రాలు ఆడినవాణ్ని. 1980 మాట నువ్వు తీశావు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికగా చదువు.

మనకు మాస్కో చోటు దారిలో పడి దొరకలేదు. 1979లో జపాన్‌లోని నగోయాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో (ఇప్పటి ఆసియా కప్) చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ తర్వాత మనది అయిదో స్థానం. ముందున్న నాలుగు దేశాలూ మాస్కోకు వెళ్లలేదు. మన వంతు వచ్చింది. మనం అయిదో స్థానంలో ఉండబట్టే కదా వచ్చింది, పదో స్థానంలో ఉంటే వచ్చేదా? అంతకు నాలుగేళ్ల ముందు, 1975లో బ్యాంకాక్‌లో, మన జట్టు ఆసియాలో నాలుగో స్థానం సాధించింది. ఫిలిప్పీన్స్ మన వెనక నిలిచింది. ఫిలిప్పీన్స్! ఆ దేశంలో వీధి వీధికీ బాస్కెట్‌బాల్ రింగు ఉంటుంది. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మన పురుషుల జట్టుకు ఇప్పటికీ అదే అత్యుత్తమ స్థానం.

ఇక మాస్కోలో ఏ గ్రూపులో పడ్డామో చూడు. సోవియట్ యూనియన్, బ్రెజిల్, చెకొస్లొవేకియా. బ్రెజిల్ తరఫున ఆస్కార్ ష్మిట్ ఆడుతున్నాడు. సోవియట్ జట్టులో సెర్గీ బెలోవ్ ఉన్నాడు, ఆ ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించింది ఆయనే. ఆ జట్టు చేతిలో 121-65 తేడాతో ఓడిపోయాం. ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదన్నది నిజమే. కానీ హనుమాన్ సింగ్, అజ్మేర్ సింగ్, రాధేశ్యామ్ లాంటివాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్లు. వాళ్లు ప్రపంచంలోకెల్లా గొప్ప జట్ల ఎదుట నిలబడి చివరి విజిల్ దాకా ఆడారు.

అప్పట్లో మా ఇంట్లో టీవీ లేదు. రేడియో వార్తలు, మరుసటి రోజు పత్రిక, అంతే. ఆ ఒలింపిక్స్‌లో మనవాళ్లు హాకీ స్వర్ణం గెలిచారు కాబట్టి పత్రికల్లో అంతా హాకీయే. బాస్కెట్‌బాల్ స్కోరు కోసం ఇన్‌స్టిట్యూట్ గదిలో పత్రికను తిరగేసేవాళ్లం, లోపలి పేజీలో ఏదో ఒక మూల రెండు వరుసలు ఉండేవి. ఒక సీనియర్ ఆటగాడు ఆ ముక్కను కత్తిరించి బోర్డుకు గుచ్చేవాడు. ఓడిన స్కోరే అయినా గుచ్చేవాడు. మన దేశం పేరు ఆ వరుసలో ఉందన్నదే మాకు గొప్ప.

సారూ, 1980 తప్పకుండా రాయించండి. పన్నెండో స్థానం అని కూడా రాయించండి.

పులివెందుల కుర్రాడు

సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. సత్నాం సింగ్ పేరు లేకుండా గోడ ఉండకూడదు. 2015లో ఎన్‌బీఏ (అమెరికా వృత్తి లీగ్) కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావరిక్స్ జట్టు ఆయనను 52వ ఆటగాడిగా ఎంచుకుంది. భారతదేశంలో పుట్టినవాళ్లలో అలా ఎంపికైన మొదటి ఆటగాడు ఆయనే. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరు ఆయనది. మాలాంటి పల్లె కుర్రాళ్లకు ఇంతకంటే ఏమి కావాలి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

గుంతకల్లు పెద్దాయనా, నగోయా వివరం విన్నాక 1980 విషయంలో మీతో వాదించను. రాయించండి సార్.

తమ్ముడూ పులివెందుల, సత్నాం గురించి ఒక మాట. ఆ పల్లె నుంచి ఆయన నేరుగా అమెరికా వెళ్లలేదు. మధ్యలో లుధియానా బాస్కెట్‌బాల్ అకాడమీ ఉంది. డాక్టర్ శంకరన్ సుబ్రమణియన్ అనే శిక్షకుడు అక్కడ ఏళ్ల తరబడి పొడుగు పిల్లలను వెతికి పట్టుకొచ్చి ఆటగాళ్లుగా మలిచారు. అమ్‌జ్యోత్ కూడా ఆ అకాడమీ మనిషే. ఒక ఊరిలో ఒక మనిషి పట్టుదలగా కూర్చుంటే జాతీయ జట్టుకు వెన్నెముక తయారైంది. మన సీమలో అలాంటి చోటు ఒక్కటి లేదన్నదే నా బాధ. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామం హాకీకి, టెన్నిస్‌కు, క్రికెట్‌కు ఎంత చేసిందో చూస్తున్నాం. బాస్కెట్‌బాల్ పిల్లలకు కూడా అలాంటి అండ దొరికితే ఎంత బాగుంటుంది!

అనంత లేఅప్ (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

ఆలస్యంగా చూశాను ఈ చర్చను. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ కప్ అర్హత పోటీల కోసం జోర్డాన్, లెబనాన్ జట్లు బెంగళూరు వచ్చాయి. అనంతపురం నుంచి స్నేహితులను పిలిపించుకుని మరీ వెళ్లాను. రెండూ ఓడిపోయాం. ఆ గ్రూపులో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడాం. ప్రపంచ కప్‌కు మన జట్టు ఇంతవరకు ఒక్కసారి కూడా అర్హత సాధించలేదు.

దగ్గర నుంచి చూస్తే ఎక్కడ వెనకబడుతున్నామో తెలుస్తుంది. ఎత్తులో కాదు, పరుగులో కాదు. షాట్ వేయడానికి ఇచ్చే ఇరవై నాలుగు సెకన్ల గడియారం చివరి ఎనిమిది సెకన్లకు వచ్చినప్పుడు అవతలి జట్టు గార్డుకు (బంతిని నడిపే ఆటగాడికి) బంతి ఎవరికి ఇవ్వాలో ముందే తెలుసు. మన గార్డు అప్పుడు వెతకడం మొదలుపెడతాడు. డిఫెండర్ మీదకు రాగానే బంతిని రెండు చేతులతో పట్టేసుకుంటాడు, ఇక డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ కదలడం) ముగిసినట్లే, చివరికి దూరం నుంచి తొందర షాట్. ఇది ప్రతిభ లోపం అని నేను అనను. గట్టి జట్లతో ఏడాది పొడవునా ఆడితే తప్ప రాని అలవాటు అది. మనవాళ్లకు అలాంటి లీగ్ చాలాకాలం లేదు. రైల్వే, ఓఎన్‌జీసీ, సర్వీసెస్ లాంటి సంస్థల జట్లకు ఆడుతూ, అంతర్జాతీయ పోటీలకు ముందు శిబిరంలో కలుసుకుని, వెంటనే విమానం ఎక్కడం, ఇదీ పద్ధతి. దీనికి తోడు శిక్షకుల మార్పు. ఫ్లెమింగ్ వెళ్లాక ఇతరులు వచ్చారు, సెర్బియాకు చెందిన వెసెలిన్ మాటిచ్ కొన్నేళ్లు ఉన్నారు, మళ్లీ ఫ్లెమింగ్ వచ్చారు. ఒకరు నేర్పింది ఒంటబట్టేలోగా ఇంకొకరి పద్ధతి.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. అంతర్జాతీయ సమాఖ్య నిబంధన ప్రకారం ప్రతి జట్టూ పుట్టుకతో కాకుండా తర్వాత పౌరసత్వం తీసుకున్న ఆటగాణ్ని ఒకరిని ఆడించుకోవచ్చు. జోర్డాన్, లెబనాన్, ఫిలిప్పీన్స్ ఈ వెసులుబాటును బాగా వాడుకుంటాయి. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశానికి ఆడాలి. విదేశాల్లో పుట్టి పెరిగిన భారత సంతతి ఆటగాళ్లు ఎంతమంది ఉన్నా తమ విదేశీ పాస్‌పోర్టు వదులుకోనిదే జట్టులోకి రాలేరు. పైగా 2017 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఆసియా కప్‌లో ఆడుతున్నాయి. 2017, 2022, 2025 మూడు కప్పులూ ఆస్ట్రేలియావే. కాబట్టి 1975 నాలుగో స్థానాన్నీ ఇప్పటి స్థానాలనూ ఒకే తక్కెడలో తూచకూడదు. 2015లో ఛాంగ్షాలో వచ్చిన ఎనిమిదో స్థానం నా దృష్టిలో చాలా విలువైనది.

2022లో జకార్తాలో ఆడిన మూడు మ్యాచ్‌లూ చిత్తుగా ఓడి చివరి స్థానంలో నిలిచాం, దాన్ని దాచలేం. కానీ 2025 ఆగస్టులో జెడ్డాలో జోర్డాన్‌ను అదనపు సమయం దాకా లాక్కెళ్లాం. చివరికి 91-84తో ఓడాం. ఫోనులో చూస్తూ నిలబడే ఉన్నాను, కూర్చోలేకపోయాను. బెంగళూరులో మనల్ని ఓడించి వెళ్లిన జోర్డాన్‌తో అంతదాకా పోరాడడం చూశాక, ఈ జట్టును వదిలేయకూడదని గట్టిగా అనిపించింది.

నంద్యాల అమ్మ

మా అమ్మాయి జిల్లా జట్టుకు ఆడుతుంది. పురుషుల జట్టు గురించే చర్చ అని తెలుసు. అయినా ఆ కోర్టులో ఆడపిల్లలు కూడా ఆడతారు కదా సార్. 2017లో బెంగళూరులో మన మహిళల జట్టు ఆసియా కప్ బి డివిజన్ గెలిచి ఎ డివిజన్‌కు వెళ్లింది. ఆ వాక్యానికి గోడ మీద చోటు ఇవ్వండి.

హైస్కూలు మైదానం (కడప జిల్లా)

అమ్మా, తప్పకుండా. నా గోడకు నేనే హద్దు గీసుకోవడం ఎందుకు?

అందరి మాటలూ కాగితం మీద పెట్టుకున్నాను. 1951 నుంచి మొదలుపెడతాను. ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లోనే బాస్కెట్‌బాల్ ఉంది, ఆడిన అయిదు జట్లలో మనది నాలుగో స్థానం. తర్వాత 1961, సర్బ్‌జిత్ సింగ్, బాస్కెట్‌బాల్‌లో మొదటి అర్జున పురస్కారం. 1967లో అదే పురస్కారం ఖుషీరామ్‌కు. ఆపైన 1975 బ్యాంకాక్, 1980 మాస్కో (పన్నెండో స్థానం అనే మాటతో సహా), 2014 వుహాన్ 65-58, 2015 సత్నాం, 2017 మహిళల జట్టు, 2020లో విశేష్ భృగువంశీకి అర్జున, 2025 జెడ్డా. కింద కొంత గోడ ఖాళీగా వదిలేస్తాను.

పెయింటరు కోర్టు గీతలు కూడా తనే గీస్తానన్నాడు. పాత గీతల ఆనవాళ్లు ఉన్నాయి, వాటి మీదే గీయమనవచ్చా?

అనంత లేఅప్ (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

వద్దు సార్, దయచేసి ఆగండి! పాత కోర్టు అయితే రింగు కింది పెట్టె కిందికి వెడల్పుగా, పైకి సన్నగా ఉంటుంది. 2010లో అది మారిపోయింది. ఇప్పుడు నేరుగా ఉన్న దీర్ఘ చతురస్రం, వెడల్పు 4.90 మీటర్లు. మూడు పాయింట్ల గీత కూడా 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిగింది. మన జిల్లాల్లో చాలా బడుల్లో ఇంకా పాత గీతలే ఉన్నాయి. పిల్లలు వాటి మీద ఏళ్ల తరబడి షాట్లు వేసి, రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్లాక అరమీటరు వెనక నుంచి వేయాల్సి వస్తుంది. బంతి రింగు ముందు అంచుకు తగిలి పడిపోతుంది. తప్పు పిల్లలది కాదు, గీతది.

దారానికి రాయి కట్టి రింగు నడిమధ్య నుంచి నేల మీదకు వదలండి. రాయి తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. ఎండ్‌లైను (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత) లోపలి అంచు నుంచి ఆ గుర్తుకు 1.575 మీటర్లు ఉండాలి, లేకపోతే ముందుగా రింగు స్తంభాన్ని సరిచేయించాలి. అక్కడి నుంచి టేపుతో 6.75 కొలిచి అర్ధవృత్తం గీయించండి, ఆ కొలత గీత బయటి అంచుకు. పక్కగీతల దగ్గర మాత్రం వంపు ఉండదు, పక్కగీతకు 0.90 మీటర్ల లోపలగా తిన్నగా వెళ్లాలి. రింగు ఎత్తు 3.05 మీటర్లు, కొత్తగా సిమెంటు వేశారు కాబట్టి నేల పైకి లేచి ఉంటుంది, అది కూడా మళ్లీ కొలవండి.

గుంతకల్లు జంక్షన్ (అనంతపురం జిల్లా)

సారూ, పెయింటరును ఆదివారం దాకా ఆపగలరా? పొద్దున రైలుకు నేను వస్తాను. టేపు అవతలి కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా.